క్యాట్‌కి విజయవాడలో కోచింగా, ఇంటి దగ్గర ట్యూషనా? ఫీజు కట్టే ముందు ఒక మాక్ రాయండి

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇలా. మీరు గుంటూరు దగ్గర బీటెక్ మూడో ఏడాదిలో ఉన్నారు. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇంటర్‌లో ఎంపీసీ. ఈ నవంబరులో క్యాట్, అంటే ఐఐఎంల్లో ఎంబీఏకి పెట్టే ప్రవేశ పరీక్ష, రాయాలనుకుంటున్నారు, చేతిలో ఎనిమిది నెలల టైముంది. విజయవాడలో క్లాసుకి చేరాలా, హైదరాబాద్ వెళ్లి హాస్టల్లో ఉండి చదవాలా, ఆన్‌లైన్ కోర్సు కొనాలా, లేకపోతే గుంటూరులోనే ఎవరి దగ్గరైనా ట్యూషన్ పెట్టించుకోవాలా అన్నది మీ సందేహం. మొత్తం ఫీజు ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తామని, ఆదివారంలోపు చెప్పమని ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు నాన్నగారికి ఫోన్ చేస్తున్నారని కూడా రాశారు.

ముందు సూటిగా జవాబు: ఆదివారంలోపు ఎవరికీ డబ్బు కట్టకండి. ఈ వారంలోనే ఒక పూర్తి మాక్, అంటే నమూనా పరీక్ష, రాయండి. ఏ సెక్షన్లో దెబ్బతింటున్నారో చూసుకుని, ఆ సెక్షన్ కోసమే మనిషిని వెతుక్కోండి. మీరు చెప్పిన చదువును బట్టి చూస్తే క్వాంట్‌కి, అంటే లెక్కలకి, మీకు క్లాసు అక్కర్లేకపోవచ్చు. ఇంగ్లీషుకి మాత్రం ఎదురుగా కూర్చోబెట్టి చదివించే మనిషి కచ్చితంగా కావాలి. దాంతోపాటు ఒక మంచి మాక్ టెస్ట్ సిరీస్ కొనుక్కోండి. చాలామందికి ఇంతే సరిపోతుంది. హైదరాబాద్ వెళ్లాల్సిన అవసరం నాకైతే కనిపించడం లేదు.

నేను విజయవాడలో చాలా ఏళ్లు క్లాసుల్లో క్వాంట్, డీఐఎల్ఆర్ (పట్టికలు, గ్రాఫులు, లాజిక్ ప్రశ్నలు) చెప్పాను. ఇప్పుడు బ్రాడీపేటలో ఇంటి దగ్గరే చిన్న చిన్న గ్రూపులుగా చెప్తున్నాను. కాబట్టి అటు క్లాసుల లోపలి సంగతీ, ఇటు ట్యూషన్ సంగతీ రెండూ చూసినవాడిగా రాస్తున్నాను.

పరీక్ష తీరు తెలిస్తే నేనెందుకు అలా అన్నానో అర్థమవుతుంది. మొత్తం రెండు గంటలు, మూడు సెక్షన్లు, ఒక్కోదానికి 40 నిమిషాలు. ముందు ఇంగ్లీషు, అంటే వీఏఆర్‌సీ. తర్వాత డీఐఎల్ఆర్. చివర్లో క్వాంట్. ఈ వరస మార్చుకోవడానికి లేదు, ఒక సెక్షన్లో మిగిలిన టైము ఇంకోదానికి వాడుకోవడానికీ లేదు. 2024లో 68 ప్రశ్నలిచ్చారు: ఇంగ్లీషులో 24, మిగతా రెండిట్లో 22 చొప్పున. ఒప్పుకి 3 మార్కులు, ఆప్షన్లున్న ప్రశ్న తప్పితే ఒక మార్కు పోతుంది. జవాబు మనమే టైప్ చేసే ప్రశ్నలకు నెగెటివ్ లేదు. అంటే మొత్తం 204 మార్కులు. ఇటీవలి పేపర్లలో అందులో సగం కూడా రాకుండానే 99 పర్సంటైల్ (రాసినవాళ్లలో 99 శాతం మందికంటే పైన) తెచ్చుకున్నవాళ్లున్నారు. మన పిల్లలకు ఇదే నమ్మబుద్ధి కాదు. ఇంటర్‌లో వెయ్యికి తొమ్మిది వందల యాభై పైన తెచ్చుకున్న పిల్లాడికి, సగం పేపర్ వదిలేసి రమ్మంటే చేతులు రావు.

వరసను ఇంకోసారి చూడండి. మీలాంటి వాళ్లకు బలహీనమైన సెక్షన్ మొట్టమొదట వస్తుంది. ఆ 40 నిమిషాలు పాడైతే, ఆ టెన్షన్‌తోనే డీఐఎల్ఆర్ తెరుస్తారు. అక్కడా ఒక సెట్ (ఒకే సమాచారం మీద వచ్చే నాలుగైదు ప్రశ్నలు) అడ్డం తిరిగితే, బాగా వచ్చిన క్వాంట్ దగ్గరికొచ్చేసరికి మనసు మనసులో ఉండదు. క్వాంట్ మార్కులు పెంచుకోవడానికి ఇంగ్లీషు చదవాలని నేను చెప్తే పిల్లలు వింతగా చూస్తారు, కానీ జరిగేది అదే.

పైగా సెక్షన్లవారీ కటాఫ్ ఉంటుంది. మొత్తం పర్సంటైల్ ఎంత బాగున్నా, ఒక్క సెక్షన్లో కటాఫ్ దాటకపోతే ఇంటర్వ్యూకి కాల్ రాదు. చౌడవరం వైపు కాలేజీలో చదివిన ఒకబ్బాయి క్వాంట్‌లో మా అందరికంటే వేగంగా చేసేవాడు. ఇంగ్లీషు ఎలాగోలా గట్టెక్కుతుందిలే అనుకున్నాడు. ఫలితాలొచ్చాక చూస్తే క్వాంట్‌లో 99 దాటింది, ఇంగ్లీషు కటాఫ్ దగ్గర ఆగిపోయింది. ఆశపెట్టుకున్న కాలేజీ ఒక్కటీ పిలవలేదు. వాడు కట్టిన ఫీజులో ఎక్కువ భాగం వాడికి ముందే వచ్చిన లెక్కలు మళ్లీ చెప్పడానికే పోయింది. బ్యాచ్‌లో అందరికీ ఒకే టైమ్‌టేబుల్ కదా.

క్వాంట్ సంగతి. ఇంటర్‌లో చేసిన కాలిక్యులస్ ఇక్కడ పనికిరాదు. అరిథ్‌మెటిక్, ఆల్జీబ్రా, జామెట్రీ, సంఖ్యలు, ఇవే. పాఠం స్థాయి పదో తరగతి అంత, అడిగే తీరు మాత్రం వేరు. ఒక ఉదాహరణ చెప్తాను. "రెండు సహజ సంఖ్యల వర్గాల తేడా 105. అలాంటి జతలు ఎన్ని?" ఈ ప్రశ్న మొదటి రోజు బోర్డు మీద రాస్తాను. ఎక్కువమంది వర్గాల పట్టిక వేసుకుని 11 వర్గంలోంచి ఎంత తీస్తే 105 వస్తుంది, 12లోంచి ఎంత తీస్తే వస్తుంది అని మొదలుపెడతారు. కొందరు ఫార్ములా ఏమిటి సార్ అని అడుగుతారు. వర్గాల తేడా అంటే మొత్తాన్ని తేడాతో గుణించడమే అని తొమ్మిదో తరగతిలోనే చదివారు. అంటే 105ని రెండు సంఖ్యల లబ్ధంగా ఎన్ని రకాలుగా రాయొచ్చో చూస్తే చాలు: 1×105, 3×35, 5×21, 7×15. నాలుగు. అరనిమిషం పని. వెంటనే 105 బదులు 106 పెడితే ఎన్ని అని అడుగుతాను. 106ని ఎలా విడగొట్టినా ఒకటి సరి, ఒకటి బేసి అవుతుంది, అలాంటప్పుడు సహజ సంఖ్యలు రావు, కాబట్టి జవాబు సున్నా. ఈ రెండో ప్రశ్నకు పెన్ను కదపకుండా జవాబు చెప్పినవాళ్లకు నేను క్వాంట్ ఫీజు తీసుకోను. పాత పేపర్లు చేసుకుని, డౌట్లు ఉంటే ఆదివారం రమ్మంటాను. మీరూ ఇలాంటివి ఓ ఇరవై చేసి చూసుకోండి. సగం పైన దారి తెలుస్తుంటే క్లాసుకి డబ్బు పెట్టొద్దు.

బీకాం, బీఏ వాళ్లకు, లెక్కలు వదిలేసి ఐదారేళ్లయిన ఉద్యోగస్తులకు నేనీ మాట చెప్పను. వాళ్లకు శాతాలు, నిష్పత్తుల దగ్గర్నుంచి వరసగా చెప్పే క్లాసు చాలా ఉపయోగపడుతుంది. తెనాలి నుంచి రైల్లో వచ్చి చదువుకున్న ఒక బీకాం అమ్మాయి మొదటి మూడు నెలలు అరిథ్‌మెటిక్ తప్ప ఇంకేమీ ముట్టుకోలేదు. ఆమెకు అదే సరైన దారి.

ఇంగ్లీషుకి ట్యూషన్ ఎందుకంటున్నానంటే, అరవైమంది ఉన్న క్లాసులో ఆర్‌సీ, అంటే పాసేజ్ చదివి జవాబులు చెప్పడం, నేర్పడం కుదరదు. సార్ పాసేజ్ చదువుతాడు, జవాబు ఎందుకు 'సి' అయిందో చెప్తాడు, అందరూ తలూపుతారు. మీరు ఎక్కడ తప్పు దారి పట్టారో ఆయనకు తెలియదు. అది తెలియాలంటే మీరు చదివేటప్పుడు పక్కన కూర్చోవాలి.

నేను లెక్కల మనిషిని కాబట్టి, ఇంగ్లీషుకి మా దగ్గర వేరే మేడమ్ ఉన్నారు. ఆవిడ పద్ధతి నాకు చాలా నచ్చింది. పిల్లలు ఇంగ్లీషులో ఒక పేరా చదువుతారు. చదవగానే పుస్తకం మూసి, రచయిత ఏమంటున్నాడో తెలుగులో ఒక్క వాక్యం రాయాలి. అనువాదం కాదు, సారం. తెలుగు మీడియం పిల్లలకు ఇది కొండంత బలం. ఇంగ్లీషులో రాయమంటే పేరాలోని మాటలే అటూ ఇటూ మార్చి రాసేస్తారు, అర్థమైందో లేదో తేలదు. తెలుగులో అలా కుదరదు, నిజంగా అర్థమైతేనే వాక్యం వస్తుంది.

ఒకరోజు పాసేజ్ ఆనకట్టల గురించి వచ్చింది. ఆనకట్టల లాభాలు లెక్కగట్టేవాళ్లు ఊళ్లు మునిగిపోయినవాళ్ల నష్టాన్ని ఆ లెక్కలో సరిగ్గా చేర్చడం లేదని రచయిత వాదన. సత్తెనపల్లి వైపు నుంచి వచ్చే ఒకబ్బాయి, వాళ్లకు సాగర్ కాలువ కింద పొలం ఉంది. "రచయిత ఆనకట్టలు కట్టొద్దంటున్నాడు" అని రాశాడు. మేడమ్ ఆ మాట పేరాలో ఎక్కడుందో వేలు పెట్టి చూపించమన్నారు. ఐదు నిమిషాలు వెతికాడు, దొరకలేదు. రచయిత లెక్క సరిగ్గా లేదన్నాడు, అంతే. వీడు మాత్రం తన కాలువ మీదికి ఎవరో వస్తున్నట్టు చదివాడు. ఆ పాసేజ్‌లో నాలుగు ప్రశ్నలకు మూడు తప్పడానికి కారణం అదొక్కటే. వాడి ఇంగ్లీషు తక్కువేం కాదు. సొంత అభిప్రాయం పాసేజ్‌లోకి తెచ్చాడు. పక్కన మనిషి లేకపోతే ఇది ఏళ్లు గడిచినా బయటపడేది కాదు, వాడు వొకాబులరీ పుస్తకాలు బట్టీపడుతూ ఉండేవాడు.

అందుకే మీరు గుంటూరులోనే మంచి ఇంగ్లీషు మనిషిని వెతకండి. క్యాట్ ఫ్యాకల్టీ అనే బోర్డు లేకపోయినా ఫర్వాలేదు. డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే లెక్చరర్లలో వ్యాసాలు, పుస్తకాలు ఇష్టంగా చదివేవాళ్లుంటారు. వారానికి రెండు రోజులు, గంటన్నర చొప్పున, ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి వెళ్తే ఫీజు భారం కూడా పంచుకోవచ్చు. పాత పేపర్ల ఆర్‌సీలు మీరే తీసుకెళ్లండి. 2017 నుంచి వచ్చిన పేపర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. గ్రామర్ పాఠం మొదలుపెడితే మాత్రం మర్యాదగా వద్దని చెప్పండి, ఈ పరీక్షలో దానికి విడిగా ప్రశ్నలు రావడం లేదు. రోజూ ఒక పెద్ద వ్యాసం చదవడం మీ సొంత పని. తత్వం, చరిత్ర, పర్యావరణం, ఆర్థికం, మీకు బొత్తిగా ఇష్టంలేని విషయమైతే ఇంకా మంచిది.

డీఐఎల్ఆర్ గురించి ఎక్కువ చెప్పను. 2024లో ఐదు సెట్లిచ్చారు. మొదటి ఐదారు నిమిషాలు ఏ సెట్టూ మొదలుపెట్టకుండా అన్నీ చదివి, ఏ రెండు మూడు చేయాలో నిర్ణయించుకోవడమే అందులో సగం విద్య. అది పాఠం వింటే రాదు, సెట్లు చేస్తుంటేనే వస్తుంది.

మాక్ రాయడం కంటే దాన్ని విప్పి చూడటం ముఖ్యం. రెండు గంటల మాక్‌కి మూడు నాలుగు గంటల పోస్ట్‌మార్టం ఉండాలి. మా దగ్గర ఒక లాంగ్‌నోట్‌బుక్‌లో నాలుగు గళ్లు గీయిస్తాను. రాక తప్పినవి, వచ్చీ తొందరలో తప్పినవి, చేయగలిగీ ముట్టుకోనివి, చేయకూడదని తెలిసీ టైము తగలేసినవి. మొదట్లో అందరూ మొదటి గడి నిండుతుందనుకుంటారు. నాలుగైదు మాక్‌లు అయ్యేసరికి నాలుగో గడి నిండిపోతుంది. ఒకే లెక్క మీద ఎనిమిది నిమిషాలు పెట్టినట్టు స్క్రీన్ మీద కనిపిస్తుంటే, వదిలేయడం ఎందుకు నేర్చుకోవాలో వాళ్లకే తెలుస్తుంది. విజయవాడలో క్లాసు చేరేటట్టయితే మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: "నా మాక్‌ని ఎవరు కూర్చుని చూస్తారు? వారంలో ఏ రోజు, ఎంతసేపు?" దీనికి తడుముకోకుండా జవాబు చెప్పిన చోట ధైర్యంగా చేరొచ్చు.

ఇంకొన్ని అడగండి. బ్యాచ్‌లో క్యాట్ రాసేవాళ్లు ఎంతమంది, బ్యాంకు పరీక్షల వాళ్లనీ ఐసెట్ (రాష్ట్రంలో ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశ పరీక్ష) వాళ్లనీ కలిపేస్తున్నారా? బ్యాంకు పరీక్షలో వేగం, ఐసెట్‌లో అన్నీ రాయడం కావాలి, క్యాట్‌లో ఏరుకోవడం కావాలి. ముగ్గురికీ ఒకటే పాఠం చెప్తే ముగ్గురూ నష్టపోతారు. డెమో చెప్పిన సారే చివరిదాకా ఉంటారా? నాకు తెలిసిన ఒకమ్మాయి డెమో క్లాసు చూసి ముచ్చటపడి మొత్తం ఫీజు కట్టేసింది. దసరా సెలవుల తర్వాత ఆ సార్ మానేశారు, వీడియోలు చూసుకోమన్నారు, డబ్బు వెనక్కి రాలేదు. పరీక్షకి రెండు నెలల ముందు ఆ పిల్ల పడ్డ బాధ నేను చూశాను. కాబట్టి ఫీజు రెండు మూడు విడతల్లోనే కట్టండి, తగ్గింపు పోయినా సరే. ఏడాదంతా ఉండే క్లాసుకి ఆదివారం గడువు పెట్టి తొందరపెట్టడమే నాకు నచ్చలేదు. ఈ మాట నాన్నగారికి చూపించండి.

ప్రయాణం సంగతి కూడా లెక్కలోకి తీసుకోండి. గుంటూరు నుంచి బెంజ్ సర్కిల్ ప్రాంతానికి బస్సులో సాయంత్రంపూట గంట దాటుతుంది. కాలేజీ అయ్యాక బయల్దేరి, క్లాసు విని, రాత్రి ఇల్లు చేరేసరికి ఆ రోజు మీరు సొంతంగా ఒక్క సెట్ కూడా చేయరు. వెళ్లాలనుకుంటే శని, ఆదివారాల బ్యాచ్ చూసుకోండి. వచ్చేటప్పుడు ఏలూరు రోడ్డులో లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో ఆగితే క్వాంట్ మెటీరియల్ తక్కువకే దొరుకుతుంది. పాఠం పాతదైనా లెక్క మారదు. మాక్‌లు మాత్రం పాతవి వద్దు, పరీక్ష ఆకారం మారిపోయింది.

ఆన్‌లైన్ కోర్సుల్లో పాఠాలు బాగానే ఉంటాయి, కొన్ని చాలా బాగుంటాయి. మిమ్మల్ని కూర్చోబెట్టేవాళ్లు లేకపోవడమే ఇబ్బంది. ఇప్పటిదాకా మీరు సొంతంగా ఒక కోర్సు చివరిదాకా పూర్తిచేసిన అలవాటుంటే తీసుకోండి, లేకపోతే ఇప్పుడు కొత్తగా వస్తుందని ఆశపడొద్దు.

మీరు అడగని విషయం ఒకటుంది. మీకు నాలుగో ఏడాది మొదలయ్యేసరికి క్యాంపస్ ప్లేస్‌మెంట్లు మొదలవుతాయి, సరిగ్గా క్యాట్ ముందు నెలల్లో. ఏది వదలాలా అని పిల్లలు నలిగిపోతారు. ప్లేస్‌మెంట్ వదలకండి. ఉద్యోగ అనుభవానికి చాలా ఐఐఎంలు మార్కులిస్తాయి, పైగా చేతిలో ఒక ఆఫర్ ఉంటే నవంబరు ఆదివారం పరీక్ష హాల్లో గుండె నిబ్బరంగా ఉంటుంది. అందుకే జూలై కల్లా పాఠాలు ముగించండి, ఆ తర్వాత మాక్‌లు, పోస్ట్‌మార్టం, అంతే. స్కోరు ఆ ఒక్క ఏడాది అడ్మిషన్లకే చెల్లుతుందని గుర్తుంచుకోండి.

క్యాట్ ఒక్కటే నమ్ముకోవాల్సిన పనీ లేదు. ఇదే స్కోరుతో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఎంబీఏకి కూడా ప్రయత్నించొచ్చు. జంషెడ్‌పూర్ ఎక్స్‌ఎల్ఆర్ఐ కావాలంటే జనవరి మొదట్లో జరిగే ఎక్స్ఏటీ అనే వేరే పరీక్ష రాయాలి, అందులో డెసిషన్ మేకింగ్ అదనంగా ఉంటుంది. ఏపీఐసెట్ ఎలాగూ రాయండి. 200 ప్రశ్నలు, రెండున్నర గంటలు, నెగెటివ్ లేదు, క్యాట్‌కి చదివినవాళ్లకు పెద్దగా విడిగా చదవక్కర్లేదు. హైదరాబాద్‌లోని ఐఎస్‌బీ గురించి కూడా అడిగారు. అక్కడి మేనేజ్‌మెంట్ కోర్సు పీజీపీకి జీమ్యాట్ గానీ జీఆర్ఈ గానీ కావాలి, క్యాట్ తీసుకోరు. అది కొన్నేళ్లు ఉద్యోగం చేశాక ఆలోచించే విషయం.

మన దగ్గర పిల్లలకున్న ఒక అనుకూలత చెప్పాలి. ఐఐఎంలు షార్ట్‌లిస్ట్ చేసేటప్పుడు పది, ఇంటర్, డిగ్రీ మార్కులు కూడా చూస్తాయి. మన బోర్డులో మార్కులు ధారాళంగా వస్తాయి కాబట్టి అది కలిసొస్తుంది. అయితే బెంగళూరు ఐఐఎం లాంటివి బోర్డును బట్టి ఆ మార్కుల్ని సర్దుబాటు చేస్తాయి, 97 శాతం చూసుకుని మురిసిపోవద్దు. ఇంటర్ తక్కువున్నవాళ్లు కూడా దిగులుపడక్కర్లేదు. 2015లో మొదలైన మన విశాఖ ఐఐఎం దగ్గర్నుంచి ఒక్కో సంస్థకీ ఒక్కో లెక్క. ఎవరు దేనికెంత వెయిటేజీ ఇస్తున్నారో ప్రతి ఏటా వాళ్ల వెబ్‌సైట్లో పెడతారు, గంటసేపు కూర్చుని చదువుకోండి. ఏ కౌన్సెలర్ చెప్పేదానికన్నా అది నమ్మకమైనది.

చివరగా సర్టిఫికెట్లు. మీరు ఏ కేటగిరీయో రాయలేదు గానీ ఇక్కడ ఏటా ఎవరో ఒకరు ఇబ్బందిపడుతున్నారు కాబట్టి చెప్తున్నాను. మన రాష్ట్రంలో బీసీ అయినంత మాత్రాన సరిపోదు, కేంద్ర ఓబీసీ జాబితాలో మీ కులం ఉందో లేదో చూసుకోవాలి. సర్టిఫికెట్ కూడా కేంద్రం ఇచ్చిన నమూనాలో, నాన్ క్రీమీ లేయర్ అని ఉండాలి. ఈడబ్ల్యూఎస్‌కీ ఆదాయం ఏ ఏడాదిదో చూస్తారు. సచివాలయంలో దరఖాస్తు పెట్టేటప్పుడే కేంద్ర విద్యాసంస్థల్లో ప్రవేశం కోసమని స్పష్టంగా చెప్పండి, లేకపోతే రాష్ట్ర నమూనాలో ఇచ్చేస్తారు, మళ్లీ తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగాలి. క్యాట్ రిజిస్ట్రేషన్ ఆగస్టు మొదట్లో తెరుస్తారు. పోయినసారి తీసుకున్న పాత కాగితం ఉందిలే అనుకోకుండా, ఈ ఏడాదికి ఏ తేదీ తర్వాతిది అడుగుతున్నారో నోటిఫికేషన్‌లో చూసుకుని జూన్‌లోనే దరఖాస్తు పెట్టేయండి.